ఎడిసన్‌లో ఎక్కడ దిగాలి? నడిబొడ్డు లేని ఊరి సంగతులు

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్న ఎడిసన్‌లో హోటల్ వెతికేవాళ్లకి ముందే ఒక మాట చెప్పాలి. ఆ ఊరికి నడిబొడ్డు అంటూ లేదు. బుకింగ్ సైట్లు "సిటీ సెంటర్‌కి రెండు మైళ్లు" అని రాస్తాయి, అది నమ్మి రూము తీసుకుంటే ఆ రెండు మైళ్లూ వెళ్లాక ఏ ట్రాఫిక్ లైటు దగ్గరో, ఏ మునిసిపల్ ఆఫీసు ముందో తేలతారు. మన ఊళ్లలో బస్టాండూ, గడియార స్తంభం, మెయిన్ బజారూ ఉంటాయే, అలాంటిదేమీ ఎడిసన్‌లో కనపడదు. లక్ష దాటిన జనాభా ఉన్న ఊరు, న్యూజెర్సీలో పెద్ద ఊళ్లలో ఒకటి, అయినా సాయంత్రం అలా నడిచి వచ్చేద్దాం అంటే ఎక్కడికి అని అడగాల్సి వస్తుంది.

మా అక్కావాళ్లు అక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నారు. మేం వెళ్లిన సమయానికి వాళ్లింట్లో అక్క అత్తగారూ మామగారూ కూడా ఉండటంతో, రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఇంకో కుటుంబం ఇరుక్కోవడం ఎందుకని హోటల్లో దిగాం. ఒక చోట నచ్చక ఇంకో చోటికి మారాం, మధ్యలో ఒక చుట్టం పెళ్లికి మూడో చోట కూడా ఉండాల్సి వచ్చింది. అందుకే ఈ ఊళ్లో ఏ మూల ఎలా ఉంటుందో కాస్త గట్టిగానే చెప్పగలను.

నడిబొడ్డు ఎందుకు లేదో తెలిస్తే బస ఎంచుకోవడం తేలిక, కాబట్టి చరిత్ర కొంచెం. 1870లో వుడ్‌బ్రిడ్జ్, పిస్కాటవే టౌన్‌షిప్‌ల (అక్కడి స్థానిక పాలనా ప్రాంతాల) నుంచి కొంత కొంత తీసి రారిటన్ టౌన్‌షిప్ అని ఏర్పాటు చేశారు. అది ఒక ఊరు కాదు, పొలాల మధ్య చెదురుమదురుగా ఉన్న పల్లెల గుంపు. బోన్‌హామ్‌టౌన్, స్టెల్టన్, ఓక్ ట్రీ, మెన్లో పార్క్, న్యూ డోవర్, ఇలా. వీటి మధ్యలో దుకాణాలూ రైల్వే స్టేషనూ ఉండి ఊరిలా కనిపించేది మెటచెన్. అది 1900లో విడిపోయి సొంత మునిసిపాలిటీ అయిపోయింది. తర్వాత 1905లో హైలాండ్ పార్క్ కూడా వెళ్లిపోయింది. మ్యాప్ తీసి చూడండి, ఎడిసన్ గారె అయితే మధ్యలో చిల్లు మెటచెన్. అంటే ఈ ఊరి మెయిన్ బజారు ఈ ఊరిది కాదు! రారిటన్ అనే పేరు మార్చి ఎడిసన్ అని పెట్టుకున్నది 1954లో. ఆ పల్లెల పేర్లు ఇప్పటికీ రోడ్ల మీదా పాతవాళ్ల నోళ్లలోనూ ఉన్నాయి, కాబట్టి చిరునామా అడిగితే ఎవరైనా "బోన్‌హామ్‌టౌన్ దగ్గర" అంటే కంగారు పడకండి, అది ఎడిసనే.

ఇక బస సంగతి. మేం మొదట దిగింది రూట్ 1 మీద ఉన్న ఒక చవక మోటెల్‌లో. పేరు చెప్పను, అక్కడ అలాంటివి వరసగా ఉన్నాయి, అన్నీ ఒకటే. లోపలికి అడుగుపెట్టగానే పాత సిగరెట్ వాసన, దాని మీద కొట్టిన సెంటు వాసన. డిపాజిట్ అని కార్డు మీద కొంత డబ్బు బిగబట్టారు, ఖాళీ చేశాక అది వెనక్కి రావడానికి వారం పైన పట్టింది. అదంతా సర్దుకుపోవచ్చు గానీ అసలు ఇబ్బంది రోడ్డుది. రూట్ 1 అంటే హైవేకి ఎక్కువ, వీధికి తక్కువ. ఎదురుగా రోడ్డుకి అవతల కాఫీ షాపు కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది, నడిచి వెళ్లడానికి మాత్రం దారి ఉండదు. చాలా చోట్ల కాలిబాటే లేదు. కారులో వెళ్దామన్నా ఎడమకి తిరగనివ్వరు. ముందుకి పోయి, కుడి వైపు చీలిన చిన్న దారిలోకి దిగి, చుట్టూ తిరిగి సిగ్నల్ దగ్గర అడ్డంగా రోడ్డు దాటాలి. దీన్ని జగ్‌హ్యాండిల్ అంటారు, న్యూజెర్సీ ప్రత్యేకత. "ఎడమకి వెళ్లాలంటే కుడికి తిరుగు బావా, ఈ రాష్ట్రంలో అంతే" అని మా బావ నవ్వుతూ చెప్పాడు గానీ మొదటి రోజు డ్రైవింగ్‌లో నాకు నవ్వు రాలేదు.

రెండోది, పెళ్లి కోసం ఉన్నది, రారిటన్ సెంటర్ వైపు ఉన్న పెద్ద హోటల్. గదులు శుభ్రంగా, విశాలంగా ఉన్నాయి, లిఫ్టులూ పార్కింగూ దేనికీ లోటు లేదు. వారాంతాల్లో రేట్లు కాస్త తగ్గుతాయి, ఎందుకంటే అది ఆఫీసులూ గోదాములూ ఉన్న ప్రాంతం, వచ్చేవాళ్లంతా పని రోజుల్లో వస్తారు. అయితే ఎగ్జిబిషనో, మహాసభలో, పెళ్లిళ్లో ఉంటే లెక్క తిరగబడుతుంది. మేమున్నప్పుడు మా చుట్టం పెళ్లితో పాటు ఇంకో గుజరాతీ పెళ్లి కూడా ఉంది. పొద్దున్నే పార్కింగ్‌లో బరాత్, డోలు, పెళ్లికొడుకు పైకప్పు తీసిన కారులో నిలబడి వస్తుంటే చుట్టూ పట్టుచీరలూ తలపాగాలూ, పక్కనే బొంగురుగా హారన్ కొడుతూ వెళ్తున్న ట్రక్కులు. చూడటానికి భలేగా ఉంది. రాత్రి ఒంటిగంటకి మన గది కింద హాల్లోంచి పాటల దరువు వినిపించినప్పుడు మాత్రం అంత భలేగా ఉండదు. ఫ్రంట్ డెస్క్‌కి ఫోన్ చేస్తే "చూస్తాం సార్" అన్నారు, చూసినట్టున్నారు, తగ్గించలేదు.

ఈ రారిటన్ సెంటర్ స్థలానికి పెద్ద కథే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి, 1917లో, సైన్యం ఇక్కడ ఆయుధాల డిపో పెట్టింది. రారిటన్ ఆర్సెనల్ అనేవారు. రారిటన్ నది ఒడ్డు, రైలు మార్గం దగ్గర, న్యూయార్క్ రేవు దగ్గర, ఇంకేం కావాలి. 1960ల మొదట్లో దాన్ని మూసేశాక ఆ భూమిలో కొంత కౌంటీ కాలేజీకి పోయింది, చాలా భాగం గోదాములూ హోటళ్లూ ఎగ్జిబిషన్ హాలుగా మారింది. మనవాళ్లకి ఆ ఎగ్జిబిషన్ హాలు బాగా తెలుసు. 2023 మేలో నాట్స్ (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వాళ్ల అమెరికా తెలుగు సంబరాలు అక్కడే జరిగాయి. అలాంటి వారాంతంలో ఎడిసన్‌లో రూము దొరకాలంటే నెలల ముందే చూసుకోవాలి.

మూడోది, నేను ఎవరికైనా సలహా ఇచ్చేది, మెట్రోపార్క్ స్టేషన్ చుట్టుపక్కల హోటళ్లు. నిజానికి అది ఎడిసన్ కాదు, పక్కనే ఉన్న వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లోని ఐజలిన్. మిగతా వాటికన్నా ధర ఎక్కువే, పన్నులు కూడా కలిస్తే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. కానీ న్యూయార్క్ చూడ్డానికి వచ్చేవాళ్లకి ఆ తేడా రోజూ రాను పోను క్యాబ్ ఖర్చులోనే తిరిగి వచ్చేస్తుంది. స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు, ప్లాట్‌ఫారం రైలు ఎత్తులోనే ఉంటుంది, లిఫ్టు ఉంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అది చిన్న విషయం కాదు. న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి ముప్పావుగంట అటూ ఇటూ. ఎడిసన్ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, ఒకప్పటి స్టెల్టన్ స్టేషన్ అదే, కానీ వేగంగా వెళ్లే బండ్లు చాలావరకు అక్కడ ఆగవు. కారు పెట్టి రైలెక్కేవాళ్లకీ మెట్రోపార్క్ పార్కింగ్ భవనమే నయం.

ఐజలిన్ వైపు ఉంటే ఓక్ ట్రీ రోడ్డు కూడా దగ్గర. అమెరికాలో "లిటిల్ ఇండియా"లు చాలానే ఉన్నాయి గానీ ఇంత పొడవు, ఇంత దట్టంగా ఉన్నది నేను చూడలేదు. నగల కొట్లు, చీరల కొట్లు, పటేల్ బ్రదర్స్ కిరాణా, మిఠాయి కొట్లు, పాన్ డబ్బాలు, ట్రావెల్ ఏజెంట్లు, పన్నులు రాసిపెట్టేవాళ్లు, కనుబొమ్మలు దిద్దే పార్లర్లు. 1990ల ముందు ఇదే రోడ్డు మీద చాలా షాపులు ఖాళీగా పడి ఉండేవని బావ చెప్పాడు. మొదట గుజరాతీలు వచ్చారు, ఇప్పటికీ వాళ్లదే పైచేయి, అయితే గత ఇరవై ఏళ్లలో మన టిఫిన్ సెంటర్లు, బిర్యానీ హోటళ్లు బాగా పెరిగాయి. తిండి గురించి నా తీర్పు: ఇక్కడ చాట్, ఢోక్లా, జిలేబీ తినండి, వాటిలో వాళ్లని మించినవాళ్లు లేరు. దోశలు ఫరవాలేదు. పెసరట్టు అని మెనూలో రాసిన చోట పెసరట్టు అడిగితే మందంగా, మెత్తగా, పచ్చిమిరపకాయ జాడే లేకుండా వచ్చింది, అల్లం పచ్చడి బదులు టమోటా చట్నీ పెట్టారు. ఆకు వేసి భోజనం పెట్టే చోట మాత్రం గోంగూర, ముద్దపప్పు, ఆవకాయ నిజంగా బాగున్నాయి, మా పిల్లాడు కూడా అడిగి మరీ పెట్టించుకున్నాడు.

శనివారం సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డుకి కారు తీసుకుని వెళ్లకండి. పార్కింగ్ కోసం తిరిగి తిరిగి ఓపిక పోతుంది. పని రోజు పొద్దున పదకొండు తర్వాత హాయిగా ఉంటుంది. ఇంకోటి, న్యూజెర్సీలో బట్టల మీద అమ్మకపు పన్ను లేదు. మిగతా చాలా వస్తువుల మీద 6.625 శాతం వేస్తారు గానీ చొక్కాలూ ప్యాంట్లూ రాసిన ధరకే వస్తాయి, కాబట్టి ఇండియా తీసుకెళ్లాల్సిన బట్టల షాపింగ్ ఏదన్నా ఉంటే మెన్లో పార్క్ మాల్‌లో కానిచ్చేయండి. పెట్రోలు కూడా మనమే కొట్టుకోనక్కర్లేదు. కొట్టుకోనివ్వరు కూడా, 1949 నుంచి చట్టం ఉంది. మనిషి వచ్చి పోస్తాడు, కారు దిగే పని లేదు. చలికాలంలో దీని విలువ తెలుస్తుందట.

ఇదే రోడ్డు మీద, న్యూ డోవర్ రోడ్డు కలిసే చోట ఓక్ ట్రీ పాండ్ అని చిన్న చెరువు, దాని చుట్టూ పార్కు ఉన్నాయి. సమోసాలు కొనుక్కుని అక్కడ బెంచీ మీద కూర్చుంటే ఎవరికీ తోచదు గానీ 1777 జూన్ 26న బ్రిటిష్ సైన్యం ఈ దారిన వచ్చి అమెరికన్ దళాలతో తలపడింది. చరిత్రలో షార్ట్ హిల్స్ యుద్ధం అంటారు. పెద్ద స్మారకం లేదు, బోర్డులు చదువుకోవాలి, పావుగంటలో అయిపోతుంది.

మెన్లో పార్క్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, అందరూ ఎక్కువ ఆశించి వెళ్లి ఉసూరుమనేది ఇక్కడే. థామస్ ఎడిసన్ 1876లో ఇక్కడికి వచ్చి ప్రయోగశాల పెట్టాడు. ఇళ్ల స్థలాలుగా వేసి అమ్ముడుపోని వెంచర్ అది, మనకి తెలియని కథ కాదు, చవగ్గా దొరికింది. 1877లో గొంతు రికార్డు చేసి వినిపించే ఫోనోగ్రాఫ్, 1879లో ఎక్కువ సేపు వెలిగే బల్బు, రెండూ ఇక్కడే. ఆ ఏడాది చివరి రాత్రి దీపాలు చూడ్డానికి జనం రైళ్లలో వచ్చారు. క్రిస్టీ స్ట్రీట్‌కి, ప్రపంచంలో ఇలాంటి విద్యుత్ బల్బులు మొదట వెలిగిన వీధి అని పేరు. అయితే 1880ల మధ్యకల్లా ఆయన ఇక్కడి నుంచి వెళ్లిపోయాడు, తర్వాత వెస్ట్ ఆరెంజ్‌లో ఇంకా పెద్ద ల్యాబ్ కట్టుకున్నాడు. ఇక్కడి భవనాలు పాడుబడ్డాయి. మిగిలిన చెక్కలూ ఇటుకలూ హెన్రీ ఫోర్డ్ ఏరుకుని మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌కి పట్టుకెళ్లి అక్కడ ల్యాబ్ మళ్లీ కట్టించాడు. ఆఖరికి మట్టి కూడా రైలు వ్యాగన్లలో వేయించుకుపోయాడు. కాబట్టి ఎడిసన్ ల్యాబ్ చూడాలనుకుంటే మిషిగన్ వెళ్లాలి. ఎడిసన్ ఊళ్లో మిగిలింది స్థలం.

ఆ స్థలంలో ఒక టవర్ ఉంది. కాంక్రీటుది, 131 అడుగులు, 1938లో ప్రారంభించారు, మీద పెద్ద గాజు బల్బు. కాంక్రీటు పాడైపోతే బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. పగలు వెళ్తే బూడిద రంగు స్తంభంలా పెద్దగా అనిపించదు, చీకటి పడ్డాక బల్బు వెలిగినప్పుడు చూడండి. పక్కన మ్యూజియం అంటే రెండు చిన్న గదులు. కానీ ఆ రెండు గదుల్లో ఉన్న పెద్దాయన మమ్మల్ని వదల్లేదు. పాత ఫోనోగ్రాఫ్‌కి కీ తిప్పి, సిలిండర్ పెట్టి, సూది ఆనించాడు. ముందు గరగర, తర్వాత బూరలోంచి ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు. కరెంటు లేదు, స్పీకరు లేదు, సూది కదలికతోనే శబ్దం. మా పిల్లాడు బూరలో తల పెట్టి "లోపల ఎవరున్నారు?" అన్నాడు. టికెట్ డబ్బులు వచ్చేశాయి అనుకున్నాను. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, ముందు చూసుకుని వెళ్లండి.

అక్కడి నుంచి దగ్గర్లోనే రూజ్‌వెల్ట్ పార్క్. చెరువు, నడకదారులు, ఎండాకాలంలో ఆరుబయట నాటకాలు. మాల్‌కి వెళ్లేవాళ్లు పక్కనే ఉన్న ఈ పార్కు సంగతే పట్టించుకోరు. ఇందులో ఒక ఫౌంటెన్ ఉంది, 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగులకి పని కల్పించే ప్రభుత్వ పథకం కింద వేలాండ్ గ్రెగరీ అనే శిల్పి చేసింది. మధ్యలో స్తంభం, దాని మీద భూగోళం, చుట్టూ యుద్ధం, కరువు, చావు, దురాశ లాంటివి రంగు మట్టిబొమ్మలుగా పారిపోతూ ఉంటాయి. విజ్ఞానపు వెలుగు చీకటిని తరుముతోందని భావం, ఎడిసన్‌కి నివాళి. ఈ ప్రాంతంలో బంకమట్టి ఎక్కువ, ఇటుకలూ మట్టి పలకలూ చేసే పరిశ్రమ ఒకప్పుడు జోరుగా సాగేది, అందుకని రాతి బొమ్మలకన్నా ఈ కాల్చిన మట్టి బొమ్మలే ఇక్కడి నేలకి సరిపోయాయనిపించింది. నా లెక్కలో ఈ ఊళ్లో చూడాల్సిన వాటిలో మొదటిది ఇదే. బల్బు టవర్ రెండోది.

జనాభా చూస్తే ఈ ఊరు ఎలా పెరిగిందో అర్థమవుతుంది. 1950లో 16,348 మంది. 1960కి 44,799. పదేళ్లలో దాదాపు మూడింతలు! యుద్ధం నుంచి వచ్చిన సైనికులు ఇళ్లు కొనుక్కోవడం, హైవేలు పడటం, 1948లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ రావడం, అన్నీ కలిసొచ్చాయి. ఆ ఫ్యాక్టరీ 2004లో మూతపడింది. ఒకప్పుడు మస్టాంగ్‌లు తయారైన చోట ఇప్పుడు షాపులూ, గోల్ఫ్ బంతులు కొట్టుకునే వినోదశాలా ఉన్నాయి. 2020 లెక్కల్లో జనాభా 1,07,588. అందులో ఆసియా మూలాలవాళ్లు సగం దాటారు, వాళ్లలోనూ మనవాళ్లే ఎక్కువ. 1965 వలస చట్టం తర్వాత ఇంజనీర్లూ డాక్టర్లూ, 1990లలో సాఫ్ట్‌వేర్ వాళ్లూ. ఈ ఊళ్లోనే పెరిగిన సామ్ జోషి 2022 జనవరిలో మేయరయ్యారు. అంతకుముందు కొరియన్ మూలాలున్న జున్ చోయ్ కూడా మేయర్‌గా చేశారు. ఇదంతా వింటే మనవాళ్లంతా ఒకే చోట ఉంటారనిపిస్తుంది గానీ ఉత్తర ఎడిసన్ వేరు, దక్షిణ ఎడిసన్ వేరు. ఉత్తరాన జె.పి. స్టీవెన్స్ హైస్కూల్ పరిధి అంటే ఇంటి ధర ఇంకోలా ఉంటుంది, మా అక్కావాళ్ల భోజనాల దగ్గర సగం మాటలు దాని గురించే.

వలస ఈ ఊరికి కొత్తేమీ కాదు. పిస్కాటవే సరిహద్దులో క్యాంప్ కిల్మర్ అని ఉండేది, రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపాకి వెళ్లే లక్షల మంది సైనికులు ఇక్కడే ఆగి ఓడ ఎక్కారు. 1956లో హంగరీలో తిరుగుబాటు అణిచేశాక పారిపోయి వచ్చిన శరణార్థుల్ని కూడా ముందు ఇక్కడికే తెచ్చారు. ఇప్పుడు వెళ్లి చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, కాబట్టి ప్రత్యేకంగా వెళ్లకండి. దానికన్నా వుడ్‌బ్రిడ్జ్ అవెన్యూ మీద సెయింట్ జేమ్స్ చర్చి, దాని శ్మశానం చూడొచ్చు. 1835 సుడిగాలిలో పాత చర్చి కూలిపోతే ఆ కలపతోనే మళ్లీ కట్టుకున్నారు. సమాధి రాళ్ల మీద అక్షరాలు అరిగిపోయి వేలితో తడిమితేనే తెలుస్తాయి.

గుళ్ల విషయం: రోజూ దర్శనం కావాలనుకునే పెద్దవాళ్లుంటే ఓక్ ట్రీ రోడ్డు మీదే సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్ వైపు సాయి దత్త పీఠం ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి కారులో వెళ్లాలి, వారాంతంలో క్యాంటీన్ పులిహోర, దోశల కోసమైనా వెళ్లండి. ఓక్ ట్రీ రోడ్డు దోశలకన్నా నాకు అవే నచ్చాయి. రాబిన్స్‌విల్‌లోని అక్షరధామ్ ఇంకా దూరం, దానికి ఒక పూట పూర్తిగా కేటాయించాలి.

సాయంత్రం నడక కావాలంటే మెటచెన్ మెయిన్ స్ట్రీట్‌కి పొండి. చెట్లు, కాఫీ షాపులు, పుస్తకాల కొట్టు, స్టేషనూ పక్కనే. మా అక్క మామగారు రోజూ క్యాబ్ చేయించుకుని అక్కడికే వెళ్లేవారు, ఎడిసన్‌లో ఉంటున్నానని ఫోన్లో అందరికీ చెబుతూ.

తిరుగు ప్రయాణానికి నెవార్క్ ఎయిర్‌పోర్ట్ దగ్గరే. మెట్రోపార్క్ నుంచి ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో ఆగే రైళ్లున్నాయి, అన్నీ ఆగవు, బోర్డు చూసి ఎక్కండి. తలా రెండు పెట్టెలు ఉంటే మాత్రం ఆ మెట్లూ మార్పులూ వద్దు, క్యాబ్ మాట్లాడుకోండి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య పార్క్‌వే, టర్న్‌పైక్ హైవేలు రెండూ నత్తనడకే, కాబట్టి విమానం రాత్రిదైనా మధ్యాహ్నమే బయల్దేరడం మేలు.